గుఱ్ఱపుడెక్క నిర్మూలనము: వంగదేశపు అనుభవము, ఆంధ్ర డెల్టాల సమస్య

మన దేశమున జలవ్యవస్థల చరిత్రను వ్రాసినవారు చెఱువులు త్రవ్వించిన ప్రభువులను, ఆనకట్టలు కట్టించిన ఇంజనీర్లను స్మరించిరి. ప్రతిష్ఠాశాసనములను, వ్యయపట్టికలను పరిశీలించిరి. కట్టిన కాలువను ఏటేట బాగుచేసి, నీరు పాఱుటకు అడ్డమైన దానిని తొలగించినవారి పనిని గూర్చి ప్రత్యేకముగ విచారించినవారు అరుదు. నిర్మాణము ఒకసారి జరుగును. దానికొక తేదీ యుండును, శిలాఫలకముండును. కలుపుతీత ఏటేట జరుగును. దానికి ఫలకము లేదు. ఈ వ్యాసమున మేము ఆ రెండవ పనిని, అందును గుఱ్ఱపుడెక్క యను విదేశీయపు నీటిమొక్కను జలములనుండి వెలికితీయుటకు జరిగిన ప్రయత్నముల చరిత్రను వివరింపబూనితిమి.

ఇందులకు ప్రధానోదాహరణముగ వంగదేశమును గైకొంటిమి. నేటి పశ్చిమ వంగమును, బంగ్లాదేశమును కలిసియున్న నాటి వంగరాష్ట్రమున 1914 మొదలు 1947 వఱకు ఈ మొక్కపై సాగిన పోరాటములో వర్తకులు, శాస్త్రజ్ఞులు, శాసనకర్తలు, రాజకీయ పక్షములు, రైతులు అందఱును పాల్గొనిరి. ఆ అనుభవమును పరిశీలించి, గోదావరీ కృష్ణా డెల్టాలకు అది నేర్పు పాఠ మెట్టిదో విచారింతుము.

పూర్వులెఱిగిన నీటిమొక్కలు, పూర్వుల మర్యాద

నీటిపై మొక్కలు మొలచుట మన పూర్వులకు క్రొత్త కాదు. అమరకోశమున వారివర్గము కుంభికను, శైవలమును పేర్కొన్నది. తెలుగున అంతరతామర, నాచు, పాచి, జమ్ము, తుంగ మున్నగు పదములు చిరకాలమునుండి కలవు. కాని సరోవర వర్ణనలయందు తామరను, కలువను విడువక కీర్తించిన మన ప్రబంధకవులు గుఱ్ఱపుడెక్కను ఎఱుగరు. దాని ఊదారంగు పూగుత్తి కంటికి ఇంపైనదే. వారు దానిని వర్ణింపకుండుటకు కారణము, అది నాడు ఈ దేశమున లేకుండుటయే. ఆకు గిట్టవలె నుండుటచే జనులు దానికి గుఱ్ఱపుడెక్క యను పేరు పెట్టుకొనిరి. డెల్టా రైతులు మాత్రము కాలువలో పెరుగు కలుపునంతటిని 'తూడు' అను సామాన్యనామముతో వ్యవహరింతురు.

పూర్వులు నీటిమొక్కలనుండి చెఱువునకు గొప్ప ముప్పు కలదని తలచినట్లు కానరాదు. 1369లో విజయనగర రాజకుమారుడైన భాస్కరుడు వేయించిన పోరుమామిళ్ళ శాసనము మంచి తటాకమునకు కావలసిన పండ్రెండు అంగములను, వర్జింపదగిన ఆఱు దోషములను చెప్పుచున్నది. కట్ట కారుట, చవిటినేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట మొదలగునవి ఆ దోషములు. వానిలో కలుపు లేదు. రెండు సంవత్సరములు దినమునకు వేయిమంది కూలీలు పనిచేసిరని ఆ శాసనమే తెలుపుచున్నది. కట్టినవారి సంఖ్యనైనను చెప్పిన శాసనములు కొన్ని కలవు. తరువాతి శతాబ్దములలో దానిని కాపాడినవారి సంఖ్యను చెప్పు శాసనమును ఎచ్చట వెదుకుదుము?

ఐనను కాపాడు బాధ్యతకు ఒక మర్యాద యుండెను. చెఱువు నిర్మాణమునకు, పోషణకు దశబంధ మాన్యము లిచ్చు ఆచారము తెలుగుదేశమున ప్రసిద్ధము. నీటిని పంచుటకు గ్రామమున నీరటి యుండెడివాడు. పూడిక తీయుట, చిన్న గండ్లు పూడ్చుట, పంటకాలువను శుభ్రపఱచుట అను పనులను ఆయకట్టుదారులు తమ శ్రమతోనే చేయవలెనను నియమమును కుడిమరామత్తు అనిరి. ఈ మర్యాద సడలుచున్నదని తలచిన ప్రభుత్వము మద్రాసు రాజధానిలో 1858లో నిర్బంధ శ్రమ శాసనమును చేసినది. ఆచారము ననుసరించి శ్రమనీయవలసినవాడు ఈయనిచో, ఆ శ్రమవిలువకు రెట్టింపు చెల్లింపవలెనని అందొక నిబంధన. కుడిమరామత్తును గ్రామైకమత్యమునకు తార్కాణముగ కీర్తించువారు కలరు. కాని భూమిగల రైతు తన పాలేరును పంపి బాధ్యత తీర్చుకొను అవకాశము ఆ పద్ధతిలోనే యున్నదని మఱువరాదు. ఆయకట్టు ఒకనిది, అరచేతి బొబ్బలు వేఱొకనివి.

మొక్క స్వభావము

గుఱ్ఱపుడెక్క జన్మస్థానము దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతము. 19వ శతాబ్ది శాస్త్రజ్ఞులు దానికి ఐకార్నియా యను ప్రజాతినామ మిచ్చిరి. అది ప్రష్యా దేశమంత్రి యగు ఐక్‌హార్న్ పేరు. 2018లో జరిగిన పునర్విమర్శను అనుసరించి పలువురు శాస్త్రజ్ఞులు దానిని మరల పొంటిడేరియా ప్రజాతిలో చేర్చుచున్నారు. అందమైన పూలకై తోటల కొలనులలో పెంచబడి, అచ్చటినుండి ఖండాంతరములకు ప్రాకినది.

దానిని తీయుట యెందులకు కష్టమో కొన్ని లెక్కలు తెలుపును. అనుకూలమైన నీటిలో అది సుమారు ఒకటి రెండు వారములలో రెట్టింపగును. ఒక కాలువలో పదింట తొమ్మిదిపాళ్ళు తీసివేసితిమనుకొందము. మిగిలిన ఒక పాలు రెండు వారములకు రెండుపాళ్ళు, నాలుగు వారములకు నాలుగు, ఆఱు వారములకు ఎనిమిది యగును. ఎనిమిదవ వారము నిండకమునుపే కాలువ మరల కప్పబడును. కనుక పని చాలవఱకు పూర్తియైనదని మధ్యలో విడిచినచో పని జరుగనట్లే. ఇక బరువు. దట్టముగ పెరిగినచోట హెక్టారునకు సుమారు 300 టన్నుల పచ్చిమొక్క యుండును. అనగా ఎకరమునకు సుమారు 120 టన్నులు. 25 కిలోల గంప లెక్కన ఎకరమునకు 4,800 గంపలు. ఆ బరువులో నూటికి 95 పాళ్ళవఱకు నీరే. అనగా కూలివాడు నీటిలోనుండి గట్టుపైకి మోయునది చాలవఱకు నీటినే. మూడవది విత్తనము. అది బురదలో పదునైదు ఇరువది యేండ్లవఱకు జీవించియుండి, నీరు తగ్గి నేల తేమగా నున్నపుడు మొలకెత్తగలదు. ఒక తరమువారు విడిచిన విత్తు తరువాతి తరమువారి చేతికి పనియగుచున్నది.

ఈ మొక్క తొలగింపు అనేక దేశములలో ప్రభుత్వకార్యమైనది. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఫ్లోరిడా, లూసియానా జలమార్గములనుండి దీనిని తొలగించుటకు 1899లో కాంగ్రెసు చట్టము చేసినది. 1910లో లూసియానా ప్రతినిధి రాబర్టు బ్రూసార్డు, ఆఫ్రికానుండి నీటిగుఱ్ఱములను తెచ్చి వదలినచో అవి ఈ మొక్కను తినును, జనులకు మాంసమును లభించునని ఒక బిల్లును ప్రతిపాదించెను. ఆ బిల్లు నెగ్గలేదు. మనకు పొరుగుననున్న బర్మాలో 1917లోనే దీనిపై ప్రత్యేకశాసన మేర్పడెను. వంగదేశమున జరిగినదానిని ఈ నేపథ్యమున చూడవలెను.

వంగదేశమున పోరాటము

19వ శతాబ్ది చివరిభాగమున వంగదేశమున ప్రవేశించిన ఈ మొక్కను అచ్చటివారు కచురిపానా యనిరి. 1914లో నారాయణగంజ్ వర్తకసంఘము దీని వ్యాప్తినిగూర్చి ప్రభుత్వమునకు తెలిపినది. వర్తకులు మున్ముందు మేల్కొనుటకు కారణము స్పష్టము: నారాయణగంజ్ జనపనార వ్యాపారమునకు కేంద్రము, ఆ సరకు పడవలపై నడచును, పడవదారులను ఈ మొక్క మూసివేయుచుండెను. రైతునకు నష్టము ఇంకను పెద్దది. వరదతోపాటు పెరుగు ఆమన్ వరిపైకి ఈ మొక్కల తెప్పలు కొట్టుకొనివచ్చి పైరును అణచివేసెడివి.

అదే సంవత్సరమున ప్రపంచయుద్ధ మారంభమైనది. శత్రువులే దీనిని వ్యాపింపజేసిరను వదంతి పుట్టి, జనులు దీనిని 'జర్మన్ పానా' యని పిలువసాగిరి. ఇందొక వైపరీత్యము కలదు. యుద్ధమువలన జర్మనీనుండి ఎరువునకు కావలసిన పొటాషు దిగుమతి నిలిచిపోయెను. ఢాకాలోని వ్యవసాయశాఖవారు ఈ మొక్కను పరీక్షించి, దాని బూడిదలో పొటాషు సమృద్ధిగ కలదని తేల్చిరి. కలకత్తా వర్తకులు ఆ బూడిదను కొనిరి. జర్మనీపేరు మోసిన కలుపే జర్మనీ సరకునకు బదులైనది. ఐనను ఆ వ్యాపారము సమస్యను తీర్చునంత నిలువలేదు.

1921లో ప్రభుత్వము సర్ జగదీశచంద్ర బోసు అధ్యక్షతన ఒక సంఘమును నియమించినది. విషద్రావణములను చల్లి మొక్కను చంపవలెనా, మనుష్యులచే ఏఱివేయింపవలెనా యను వివాదము ఆ దశాబ్దమున తీవ్రముగ సాగెను. ఇది కేవలము వృక్షశాస్త్ర వివాదము కాదు. ద్రావణమునకు ధనము, యంత్రము, నిపుణుడు కావలెను. ఏఱివేయుటకు వేలకొలది మనుష్యులు కావలెను. ఏ మార్గము నెన్నుకొనిన, వ్యయము ఎవరిపై పడునన్న ప్రశ్న దానివెంట వచ్చును. చంపిన మొక్క నీటిలోనే మిగిలి క్రుళ్ళుననుటయు, ఆకు మాడినను కాండము బ్రదికియున్నచో మరల చిగిర్చుననుటయు చేతితో తీయుటకు అనుకూలమైన వాదములు.

చివరకు 1936లో వంగరాష్ట్ర శాసనసభ ఈ మొక్కనుగూర్చి ఒక చట్టమును చేసినది. తమ ఆవరణలో దీనిని పెరుగనిచ్చుట నిషిద్ధమైనది. ప్రభుత్వము పూనిన తొలగింపు కార్యములో పాల్గొనుట పౌరుని విధియైనది. మరుసటి యేట ఎన్నికలు జరిగినవి. 1937 ఎన్నికలలో ప్రధాన పక్షములన్నియు ఈ మొక్క పీడను తొలగింతుమని తమ ప్రణాళికలలో వాగ్దానము చేసినవి. ఒక కలుపుమొక్క ఎన్నికల ప్రణాళికల కెక్కుట చరిత్రలో తఱచుగ కనబడు విషయము కాదు. అధికారమునకు వచ్చిన ఫజ్లుల్ హక్ మంత్రివర్గము విస్తృతమైన కార్యక్రమమును చేపట్టినది. జిల్లా అధికారులు స్వచ్ఛందసేవకులను కూడగట్టిరి. 1947 నాటికి సమస్య అదుపులోనికి వచ్చినదని చెప్పుదురు.

ఈ విజయమునకు కారణమేమి? చట్టమే యనుట సులభము. కాని చట్టమున కొక లోపము కలదు. నీటికి సరిహద్దులు లేవు. ఒకడు తన కుంటను శుభ్రముచేసినను, పై ఊరివాడు చేయనిచో మొదటి వరదతోనే మొక్క తిరిగి వచ్చును. వంగ డెల్టా పర్యావరణచరిత్రను 2010లో ప్రకటించిన ఇఫ్తికార్ ఇక్బాల్, రైలుమార్గముల కట్టలు నీటిపాఱుదలకు అడ్డమై నీటిని నిలువజేసి, ఈ మొక్కకు అనుకూలమైన స్థితిని కల్పించినవని వాదించెను. ఆ వాదము సరియైనచో, నీరు నిలుచుటకు కారణమైనవారొకరు, కలుపు తీయ బాధ్యులైనవారు వేఱొకరు. కుడిమరామత్తులో మేము గుర్తించిన న్యూనతయే ఇచ్చట మఱియొక రూపమున కనబడుచున్నది.

మా అభిప్రాయమున అసలు కారణమును గట్టుమీద వెదుకవలెను. తీసిన మొక్క ఏమైనది? వంగదేశపు రైతు దానిని క్రుళ్ళబెట్టి ఎరువు చేసికొనెను. ఆ ఎరువువలన పంట హెచ్చుట చూచిన పిమ్మట అతడు దానిని తీయుటకు ఆజ్ఞకొఱకు వేచియుండలేదు. దక్షిణ వంగపు పల్లపు ప్రాంతములలో రైతులు ఇంకొక యడుగు ముందునకు వేసిరి. బారిసాల్, పిరోజ్‌పూర్, గోపాల్‌గంజ్ ప్రాంతములలో ఈ మొక్కలను పొరలుపొరలుగ పేర్చి, నీటిపై తేలు మళ్ళను చేసి, వానిపై కూరగాయలను, నారును పెంచుదురు. దీనిని 'ధాప్' అందురు. నీటిపై తేలుమళ్ళ సేద్యము అచ్చట పూర్వమునుండి కలదు; క్రొత్త మొక్క ఆ పాతవిద్యకు సాధనమైనది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ ఈ సేద్యమును ప్రపంచ వ్యవసాయ వారసత్వములలో ఒకటిగ గుర్తించినది.

ఆంధ్ర డెల్టాలు

ఈ పాఠమును తీసికొని మన డెల్టాలకు వత్తము. ధవళేశ్వరము ఆనకట్ట 1847–52 మధ్యను, బెజవాడ ఆనకట్ట 1852–55 మధ్యను నిర్మింపబడినవి. ఆ కాలువలు సేద్యమునకును, పడవల రాకపోకలకును ఉద్దేశింపబడినవి. కావుననే వానిపై లాకులు కట్టబడినవి. కాలువ శుభ్రముగ నుండుట రైతునకెంత అవసరమో, ధాన్యము కాకినాడకు పంపు వర్తకునకు, సరంగునకు అంత అవసరమై యుండెను. 20వ శతాబ్ది ఉత్తరార్ధమున రహదారులు, లారీలు పడవల పనిని గైకొన్న పిమ్మట, కాలువను దినదినము నిశితముగ చూచెడు కండ్లు సగము తగ్గినవి. నారాయణగంజ్ వర్తకులవలె ముందుగా మేల్కొని కేకవేయువారు మనకు కఱవైరి.

డెల్టాలలో కలుపుతీతకు సహజమైన ఋతువు వేసవి. రబీపంట ముగియగానే కాలువలు కట్టివేయుదురు. తొలకరికి తిరిగి నీరు వదలుదురు. ఈ నడుమ పూడిక, తూడు తీయుట పరిపాటి. గడలతో, త్రాళ్ళతో మొక్కను గట్టునకు లాగుట, పల్లపు మడుగులలో దిగి చేతులతో ఏఱుట, ఇటీవల ఎక్కువగా యంత్రములతో తోడుట కలదు. ఈ పద్ధతికి ఒక గుణము, రెండు దోషములు కలవు. నీరు లేనపుడు మొక్క ఎండుననుట గుణము. ఎండిన కాలువ అడుగున తేమ మిగిలినచోట విత్తులు మొలచి, క్రొత్తనీటితో లేచుట మొదటి దోషము. తీసిన కుప్పలను గట్టుమీదనే విడుచుట రెండవది. మొదటి వానకు గట్టు జాఱి, కుప్పలో కొంత తిరిగి కాలువలో పడుట డెల్టా గ్రామములలో ఎవరికిని క్రొత్త విషయము కాదు. కొలతను బట్టి తూడుతీతకు సొమ్ము చెల్లించు పద్ధతిలో కాలువ ఖాళీయగుట మాత్రమే లెక్కకు వచ్చును. కుప్ప గతి ఏమైనదను ప్రశ్న లెక్కకు రాదు.

కొల్లేరున సమస్య ఇంకను జటిలము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరంతయు ఉప్పుటేరు ఒక్కటే మార్గముగ సముద్రమును చేరవలెను. ఆ మార్గమున తూడు పేరుకొన్నచో నీరు వెనుకకు తన్ని లంకలను ముంచును. 1999లో కొల్లేరు అభయారణ్యముగ ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ జాబితా కెక్కినది. 2006లో చేపల చెఱువుల గట్లను తొలగించు కార్యక్రమము జరిగినది. గట్టును ఒకసారి పగులగొట్టవచ్చును. పొలములనుండి, పట్టణములనుండి ఎరువులు, మురుగు వచ్చి చేరుచున్నంతకాలము తూడు తిరిగి పెరుగును. ఈ మొక్క ఆహారమంతయు మనము నీటిలోనికి విడిచినదే.

మొక్కను కీటకములచే తినిపించు పద్ధతియు మనకు తెలియును. విదేశములనుండి తెచ్చిన ముక్కుపురుగులను 1983లో బెంగుళూరు చెఱువులలో వదలగా, కొన్నియెడల మంచి ఫలితము కలిగినది. కాని ఆ పురుగు నిలువనీటిలో యేండ్లమీద చేయుపని. ఏటేట ఎండగట్టి, నీరు వదలు కాలువలో దానికి నిలుకడ తక్కువ. కావున కాలువలయందు చేతిపనియో యంత్రపుపనియో తప్పదు.

1997లో ఆంధ్రప్రదేశ శాసనసభ రైతుల యాజమాన్యమున నీటిపారుదల వ్యవస్థలను నడుపుటకు చట్టము చేసి, నీటి వినియోగదారుల సంఘముల నేర్పఱచినది. 1858లో శిక్షాభయముతో కోరిన బాధ్యతను, 1997లో సభ్యత్వరూపమున కోరుట జరిగినది. ఇది మంచి మార్పు. కాని తీసిన తూడు ఎవరిది, దానిని ఎచ్చటికి చేర్చవలెను, మోసినవానికి ఏమి దక్కును అను ప్రశ్నలకు సమాధానము చెప్పనంతవఱకు ఏ చట్టమైనను సగముపనియే చేయును.

ఉపసంహారము

ఇంతవఱకు చూచిన చరిత్రనుండి మేము గ్రహించిన దిది. జలములనుండి కలుపుతీయుట ఒకసారి గెలిచి ముగింపదగిన యుద్ధము కాదు. వంట ముగిసిన పిమ్మట పాత్రలు తోమవలసినట్లు, ఏటేట చేయవలసిన పని. అట్టి పని ఆజ్ఞచే కొంతకాలము జరుగును, ఎన్నికల ఉత్సాహముచే మఱికొంతకాలము జరుగును. గట్టునకు చేరిన కుప్ప ఒకని పొలమునకు ప్రయోజనమైననే నిలుకడగ జరుగును. వంగదేశపు రైతు మనకు నేర్పిన పాఠ మిదియే.

దీనిని మనము అనుసరించుటలో రెండు జాగ్రత్తలు అవసరము. మొదటిది, గుంటలో బాగుగ క్రుళ్ళని మొక్కను పొలమున వేసినచో కలుపును మనమే నాటినట్లగును. రెండవది, ఈ మొక్క నీటిలోని లోహవిషములను తనలోనికి పీల్చుకొనును. కనుక పరిశ్రమల మురుగు కలియు నీటినుండి తీసినదానిని పరీక్షింపక తిండిపంటకు వేయరాదు. గ్రామపు కాలువలలోని తూడునకు ఈ రెండవ భయము తక్కువ.

పోరుమామిళ్ళ శాసనకర్త కూలీల సంఖ్యను రాతిపై చెక్కించెను. వారి పేర్లు లేకున్నను సంఖ్యయైనను మనకు మిగిలినది. ఎండకాలమున నడుములోతు బురదలో నిలిచి, ఎకరమునకు 4,800 గంపల బరువును గట్టునకు చేర్చువారి సంఖ్యయైనను మన జలచరిత్రలలో చేరవలెనని మా కోరిక. నీరు పాఱుచున్నపుడు వారి పని ఎవరి కంటను పడదు. ఆ పని నిలిచిన యేడు మాత్రము చివరి పొలమువాడు దానిని గుర్తించును.